అడవి మనది, పులి మనది.. మరి లెక్క ఎవరిది?

తెలంగాణ ఉద్యమం ఆవేశంతో మొదలైందని అనుకునేటోళ్లు ఉన్నరు. అది తప్పు. ఈ ఉద్యమం లెక్క అడగడంతో మొదలైంది. తెలంగాణ మిగులు నిధులు ఎటు పోయినయని 1969లో లెక్క అడిగినం. మా కొలువుల్లో స్థానికేతరులు ఎంతమంది అని అడిగితే జయభారత్ రెడ్డి కమిటీ 58,962 అని అంకె తేల్చింది. ఆ అంకె మీదనే 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. ఆ జీవోను పదహారేండ్లు అటక మీద పడేస్తే, మళ్లీ లెక్క తియ్యడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వెయ్యాల్సి వచ్చింది. జయశంకర్ సారు ఊరూరా తిరిగి చెప్పింది కూడా లెక్కలే. నీళ్ల లెక్క, నిధుల లెక్క, నియామకాల లెక్క. లెక్క ఎవరి చేతిలో ఉంటదో నిర్ణయం వాళ్ల చేతిలోనే ఉంటదని ఈ గడ్డకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మరి రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటినంక ఒక లెక్కను మనం ఎందుకు మరిచిపోయినం? బెల్లంపల్లి చుట్టూ ఉన్న అడవిలో పులులు ఎన్ని, కోతులు ఎన్ని, రాబందులు ఎన్ని, దుప్పులు ఎన్ని? అవి పెరుగుతున్నయా, తగ్గుతున్నయా? ఎందుకు? ఈ లెక్క తీసే చదువును పాపులేషన్ ఎకాలజీ అంటరు. మన మాటల్లో చెప్పాలంటే జీవుల జనాభా శాస్త్రం. ఈ చదువులో పరిశోధన చేసి డాక్టరేటు పట్టా తీసుకున్న బొగ్గుబాయి కార్మికుని బిడ్డను, గోండు గూడెం బిడ్డను చూపించమంటే వేళ్ల మీద లెక్కపెట్టడం కూడా కష్టం. అడవి మన ఇంటి ముందట ఉన్నది. దాని మీద థీసిస్ మాత్రం డెహ్రాడూన్‌లో, బెంగళూరులో తయారవుతున్నది.

ఇది పులుల మీద ప్రేమతో రాస్తున్న వ్యాసం కాదు. నియామకాల గురించి, నిర్ణయాల గురించి రాస్తున్న వ్యాసం.

బోర్డు ఒకచోట, పులి ఇంకొకచోట

కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిండ్రు. కోర్, బఫర్ కలిపి రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. జన్నారంలో బోర్డు పెట్టిండ్రు, గేట్లు పెట్టిండ్రు. మైసంపేట, రాంపూర్ గూడేలను 2024లో కోర్ నుంచి బయటికి తరలించిండ్రు. ఇంత చేసినా ఆ కోర్‌లో పులి నిలిచి సంసారం చేయలేదు. ఏ బోర్డూ లేని కాగజ్‌నగర్ అడవిలో మాత్రం తల్లిపులి పిల్లలు పెట్టింది, ఆ పిల్లలు పెద్దయినయి.

ఎందుకిట్ల జరిగింది? పులి పుట్టేది ఒకచోట, బతికేది ఒకచోట. మహారాష్ట్రలో తాడోబా అడవి పులులతో నిండిపోయింది. రెండేండ్ల వయసు దాటిన మగ పులికి తల్లి దగ్గర జాగా ఉండదు. కొత్త జాగా వెతుక్కుంట పెన్‌గంగ, ప్రాణహిత దాటి మన దిక్కు వస్తది. వచ్చిన పులికి కడుపునిండ దుప్పి, నీల్గాయి, అడవిపంది దొరకాలె. మనిషి అలికిడి తక్కువుండాలె. తొవ్వ తెగిపోకుండ ఉండాలె. కానీ తాడోబాకు, కవ్వాల్‌కు నడుమ ఏమున్నయి? కాజీపేట - బల్లార్షా రైలు పట్టాలున్నయి. మంచిర్యాల నుంచి చంద్రాపూర్ దిక్కు పోయే నాలుగు లేన్ల రోడ్డున్నది. ఖైరిగూడ లాంటి ఓపెన్‌కాస్టులున్నయి. పత్తి చేన్లున్నయి.

పుట్టుడు, చచ్చుడు, వచ్చుడు, పోవుడు. ఈ నాలుగు లెక్కలు తెలిస్తే ఏ జీవి గురించైనా రేపు ఏమైతదో చెప్పొచ్చు. పాపులేషన్ ఎకాలజీ మొత్తం ఈ నాలుగు మాటల మీదనే నిలబడ్డది. ఈ నాలుగు తెలియకుంటే ఏమైతదో మన జిల్లానే సాక్ష్యం.

2020 నవంబర్‌లో ఒకే నెలలో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు యువజనులు పులికి బలైనరు. 2024 నవంబర్ చివరన కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరబోయిన మహిళ ప్రాణం పోయింది. అదే ఏడాది జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చచ్చిపడ్డయి, పశువు కళేబరానికి పూసిన విషం సంగతి బయటికి వచ్చింది. మనిషీ చస్తుండు, పులీ చస్తున్నది. ఏ నెలలో, ఏ తొవ్వలో, ఏ వయసు పులి చేన్లలోకి వస్తదో ముందుగా చెప్పగలిగే పరిశోధకుడు పక్క మండలంలో ఉంటే ఇందులో కొన్ని చావులన్నా ఆగేవి కాదా?

2025 మే 30న సర్కారు 49వ నంబరు జీవో ఇచ్చి ఈ కారిడార్‌ను కుమ్రం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. ఆదివాసులు భగ్గుమన్నరు. జూలైలో సర్కారే ఆ జీవోను పక్కన పెట్టింది. అడవి మీద హక్కు కోసం ప్రాణమిచ్చిన భీం పేరు మీదనే అడవి బిడ్డల్లో భయం పుట్టించే జీవో ఎట్ల వచ్చింది? గూడెంలో కూర్చుని, గోండి మాట్లాడుతూ, ఇన్ని పులులున్నయి, ఇంత జాగా చాలు, మీ పోడుకు ఇబ్బంది లేదు అనో, ఉన్నది అనో లెక్క చూపి చెప్పేటోడు లేడు కాబట్టి వచ్చింది. లెక్క చెప్పేటోడు లేని కాడ జీవో ఒకటే మాట్లాడుతది. జీవో మాట్లాడితే జనం వినరు.

చెరువుల చేపలు, అడవిల పులులు

ఈ చదువు అర్థం కానంత బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఊరి చెరువులో చేపలెన్నో తెల్వాలంటే చెరువు ఎండగొట్టాల్సిన పని లేదు. వల వేసి 100 చేపలు పట్టి, గుర్తు పెట్టి మళ్లీ వదలాలె. నాలుగు రోజులకు మళ్లీ వల వెయ్యాలె. ఈసారి 80 చేపలు పడితే అందులో గుర్తున్నవి 8 ఉన్నయనుకుందాం. అంటే చెరువులో ప్రతి పది చేపల్లో ఒకటి గుర్తున్న చేప. గుర్తు పెట్టింది 100 కాబట్టి మొత్తం సుమారు 1,000. పులికి గుర్తు పెట్టే పని కూడా లేదు. ఒక పులి చార ఇంకొక పులికి ఉండదు. మన వేలిముద్ర లాంటిదే. చెట్టుకు కట్టిన కెమెరా ముందు నుంచి నడిచిపోతే చాలు.

ఈ పద్ధతిని మన దేశంలో పులులకు వాడి చూపించింది కర్ణాటకకు చెందిన ఉల్లాస్ కారంత్. ఆయన మొదట చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి శాస్త్రం చదివి, నాగరహొళె అడవిలో చేసిన పనిని 1995లో ప్రచురించిండు. అప్పటికి మన అటవీ శాఖలు అడుగుజాడలు కొలిచి పులులను లెక్కపెట్టేవి. ఆ లెక్క ఎంత బూటకమో రాజస్థాన్‌లోని సరిస్కాలో తేలింది. కాగితాల మీద పులులున్నయి, అడవిలో ఒక్కటీ లేదని 2005లో బయటపడ్డది. ఆ సిగ్గుతోనే దేశమంతా కెమెరాల లెక్క మొదలైంది. 2006 నుంచి నాలుగేండ్లకోసారి తీస్తున్నరు. 2022 లెక్కలో దేశంలో పులుల సగటు అంచనా 3,682. తెలంగాణలో 2018లో 26 ఉంటే 2022లో 21కి దిగింది.

ఇందులో ఒక మాట ఉద్యమకారులు గట్టిగ పట్టుకోవాలె. ఈ శాస్త్రం మొదటి పాఠం ఏందంటే, కనిపించనిది లేనట్టు కాదు. చూసినవాటిని లెక్కపెట్టి ఇంతే అనడం తప్పు, చూపుకు అందకుండా పోయినవి ఎన్నో కూడా అంచనా కట్టాలె. దొంగ బోనఫైడ్లతో స్థానికులై కూర్చున్నోళ్లు లెక్కలకు దొరకరని ఎన్‌జీవోలు మొత్తుకున్నది కూడా ఇదే కదా! ఆ సంగతి మనకు అనుభవంల ఉన్నది. శాస్త్రంల నేర్చుకునుడే మిగిలింది.

రాబందు పోతే మనిషి పోయిండు

ఎన్ని రాబందులుంటే మనకేంది అనేటోళ్లు ఈ సంగతి వినాలె. 1992 నుంచి 2007 నడుమ మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు మాయమైనయి. భరత్‌పూర్ పక్షుల కేంద్రంలో గూళ్లు లెక్కపెట్టిన విభు ప్రకాశ్ మొదట ఈ ఆపదను పసిగట్టిండు. 2004లో అసలు కారణం తేలింది. పశువులకు నొప్పులకు ఇచ్చే డైక్లోఫినాక్ మందు ఆ కళేబరాన్ని తిన్న రాబందు కిడ్నీలను చంపుతున్నది. నూరు కళేబరాల్లో ఒకదానిలో ఆ మందున్నా ఇంత వినాశనానికి సరిపోతదని జనాభా లెక్కలు కట్టినోళ్లు చూపించిండ్రు. ఆ లెక్కే సాక్ష్యమై 2006లో పశువులకు ఆ మందును నిషేధించిండ్రు. రాబందులు లేక కుళ్లిన కళేబరాలు, కుక్కలు, రోగాలు పెరిగి 2000 - 2005 నడుమ ఏటా లక్ష మంది దాకా అదనంగా చనిపోయి ఉంటరని 2024లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చిన పరిశోధన అంచనా కట్టింది.

ఆ పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్న గుట్ట మన జిల్లాలోనే ఉన్నది. బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట. 2013లో వాటిని గుర్తించిండ్రు. బెల్లంపల్లి నుంచి ఒక్క పూట ప్రయాణం. జైపూర్ పక్కన శివ్వారంలో మొసళ్ల మడుగు ఉన్నది. చెన్నూరు దిక్కు ప్రాణహిత అభయారణ్యంలో కృష్ణజింకలున్నయి. ఇన్ని జీవులున్న కాడ ఒక్క విశ్వవిద్యాలయం ఫీల్డు స్టేషన్ కూడా ఎందుకు లేదు?

ఇక కోతుల సంగతి. తెలంగాణలో కూరగాయలు పెట్టుడు బంద్ చేసిన రైతును అడిగితే మొదటి కారణం కోతులే అంటడు. 2020 డిసెంబర్‌లో నిర్మల్ దగ్గర కోతుల పునరావాస కేంద్రం తెరిచిండ్రు. పట్టుడు, ఆపరేషన్ చేసుడు, వదులుడు. మంచిదే. కానీ ఒక గుంపులో ఎన్ని ఆడకోతులకు ఆపరేషన్ చేస్తే ఆ గుంపు తగ్గుతది? ఎన్నేండ్లకు తగ్గుతది? పక్క ఊరి గుంపు వచ్చి ఖాళీ జాగాల కూర్చుంటే చేసిన ఖర్చంతా ఏమైతది? ఇవన్నీ పాపులేషన్ ఎకాలజీ ప్రశ్నలే. ఒక ఎమ్మెస్సీ విద్యార్థి రెండేండ్లు కూర్చుని తేల్చే లెక్క ఇది. ఆ పని ఏ కాలేజీ పిల్లలకు ఇచ్చిండ్రు?

తొవ్వ ఎక్కడ తెగింది?

బెల్లంపల్లి, మంచిర్యాల, గోదావరిఖని పిల్లలకు తెలివి తక్కువ కాదు. తొవ్వ తెగింది మూడు కాడ.

మొదటిది ఇంటర్‌లోనే. జంతువుల మీద ఇష్టమున్న పిల్లలు బైపీసీ తీసుకుంటరు, డిగ్రీలో బీజడ్‌సీ తీసుకుంటరు. లెక్కలతో సంబంధం తెగిపోతది. కానీ ఈ చదువు సగం జీవశాస్త్రం, సగం గణాంకశాస్త్రం. లెక్కలంటే భయపడే జువాలజీ విద్యార్థి కెమెరా కట్టొస్తడు, ఆ ఫొటోల నుంచి సంఖ్య తియ్యలేడు. సంఖ్య తీసినోడు శాస్త్రవేత్త, కెమెరా కట్టినోడు కూలి. బొగ్గు తీసినోడు, బొగ్గు అమ్మినోడు అన్న తేడా లాంటిదే ఇది కూడా.

రెండోది విశ్వవిద్యాలయంలో. మా దిక్కు డిగ్రీ పిల్లలకు దిక్కు 1976లో పుట్టిన కాకతీయ విశ్వవిద్యాలయం. జయశంకర్ సారు వీసీగా పనిచేసిన విశ్వవిద్యాలయం. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పర్మనెంట్ అధ్యాపకులే పీహెచ్‌డీ గైడ్లు కావాలె. ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ 6 మందికి, అసిస్టెంట్ 4 గురికి మించి తీసుకోవద్దు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏండ్ల తరబడి పర్మనెంట్ నియామకాలు లేవు. ఉన్నోళ్లు రిటైరవుతున్నరు. కాంట్రాక్టు అధ్యాపకుడు ఎంత చదివినా గైడు కాడు. అంటే ఒక అధ్యాపక పోస్టు ఖాళీ పెడితే పోయేది ఒక్క కొలువు కాదు, నలుగురి పరిశోధన. ఉద్యోగులు, అధ్యాపకులు ఈ లెక్కను ప్రతి మీటింగులో చెప్పాలె.

మూడోది సమాచారం. డెహ్రాడూన్‌లో భారత వన్యప్రాణి సంస్థ 1982 నుంచి ఉన్నది. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ ఉన్నది. సీట్లు పదుల్లోనే, అదీ ఏటా కాదు. మన హైదరాబాద్ అత్తాపూర్‌లోనే సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ఉన్నది, అంతరించే జంతువుల మీద డాక్టరేటు పరిశోధన అక్కడ జరుగుతది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మన 1969 పోరాటం, తర్వాతి ఆరు సూత్రాల పథకం పుణ్యాన 1974లో వచ్చిందే. 2016లో మొదలైన ఫారెస్ట్ కాలేజీ ఇప్పుడు సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్నది. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000, మూడో ఏడు నుంచి 42,000. ఆదివాసీ పిల్లలకు కేంద్ర గిరిజన శాఖ ఏటా 750 పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తది. అయితే నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉంటది, తెలుగులో ఉండదు. బెల్లంపల్లి డిగ్రీ విద్యార్థికి ఈ పేర్లలో ఎన్ని తెలుసు? డీఎస్సీ తారీఖు తెలుసు, గ్రూప్ - 4 తారీఖు తెలుసు, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నోటిఫికేషన్ తెలుసు. పులిని లెక్కపెట్టే నోటిఫికేషన్ ఉంటదని చెప్పేటోడు లేడు.

బొగ్గు పైసలు బొగ్గు బిడ్డల చదువుకు

పైసలేవి అని అడుగుతరు. పైసలు మన కాళ్ల కిందనే ఉన్నయి. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి జిల్లాకు మినరల్ ఫౌండేషన్ ట్రస్టు పెట్టిండ్రు. పాత లీజుల మీద కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము అందులో పడాలె. గనులతో నష్టపోయిన ఊర్ల కోసం ఆ సొమ్ము. చదువు, పర్యావరణం రెండూ అందులో మొదటి ప్రాధాన్యాల్లోనే ఉన్నయి.

లెక్క వేద్దాం. నెలకు 37,000 చొప్పున ఒక పరిశోధకునికి ఏడాదికి 4 లక్షల 44 వేలు. పది మందికి 44 లక్షల 40 వేలు. ఓపెన్‌కాస్టులో తిరిగే ఒక్క పెద్ద డంపరు ఖరీదు దీనికి ఎన్నో రెట్లు. ఒక డంపరు సొమ్ముతో ఒక తరం శాస్త్రవేత్తలను తయారు చెయ్యొచ్చు.

కొలువులు కూడా ఇందులో ఉన్నయి. కొత్త ఓపెన్‌కాస్టుకు పర్యావరణ అనుమతి కావాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రభావ అంచనా నివేదిక కావాలె. అందులో గని చుట్టూ 10 కిలోమీటర్ల దాకా ఉన్న జంతువుల, చెట్ల వివరం రాయాలె. దాన్ని రాసే కన్సల్టెన్సీలో జీవావరణ నిపుణుడు ఉండి తీరాలె. ఆ నిపుణుడు మన ఊరికి ఎన్నిరోజులు వస్తడు? మన వాగు పేరు ఆయనకు ఎరుకనా? ప్రజాభిప్రాయ సేకరణ నాడు మనకిచ్చేది తెలుగులో నాలుగు పేజీల సారాంశం. అసలు నివేదిక ఇంగ్లీషులో మందంగ ఉంటది. దాన్ని చదివి, ఇగో ఈ లెక్క తప్పు అని లేచి నిలబడే డాక్టరేటు బిడ్డ ఒక్కరున్నా ఆ సభ తీరే మారుతది.

బొగ్గుబాయిల్లో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇయ్యాల నలభై వేల దరిదాపుల్లో ఉన్నరు. బెల్లంపల్లిలో బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డ సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుకుకు కొలువు అన్న ఆశ మీద ఒక పట్నం మొత్తం ఇంకెన్నేండ్లు బతుకుతది? బాయి పోయినా అడవి ఉంటది. తవ్వి వదిలేసిన మట్టి గుట్టల మీద ఏ జీవి మళ్లొస్తది, ఏది రాదు అన్నది ప్రపంచమంతా చదువుతున్న ప్రశ్న. ఆ ప్రశ్నకు ప్రయోగశాల మన గోలేటి, శ్రీరాంపూర్, రామగుండం.

చదువు మనదైతేనే లెక్క మనదైతది

పులి కావాల్నా మనిషి కావాల్నా అని అడిగేటోళ్లు మన పక్షాన కూడా ఉన్నరు. ఆ కోపంలో న్యాయం ఉన్నది. పులి పేరు చెప్పి గూడెం ఖాళీ చేయించినోళ్లు గనికి మాత్రం అడవిని రాసిచ్చిండ్రు. కానీ ఆ కోపంతో చదువును దూరం పెడితే నష్టం మనకే. భీం అమరుడైనంక నిజాం సర్కారు గోండుల గురించి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పిలిచింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని, భాష నేర్చుకుని, బడి పెట్టి, పుస్తకాలు రాసిండు. ఆయన మేలును ఆదివాసులు ఇయ్యాల్టికీ తలుచుకుంటరు. అయితే ఎనభై ఏండ్లు దాటినా మన అడవి గురించి చెప్పడానికి ఇంకా బయటి మనిషే రావాల్నా? కెమెరాలు కట్టే చోటు చూపించేది కోలాం మనిషి, అడుగు చూసి ఆడదా మగదా చెప్పేది గోండు మనిషి. అచ్చయిన పరిశోధన పత్రంలో వాళ్ల పేరు ఆఖరి పేజీలో కృతజ్ఞతల కింద ఒక ముక్క.

అందుకే అడుగుతున్నం. కాకతీయ విశ్వవిద్యాలయం వన్యప్రాణి, జీవజనాభా శాస్త్రంలో ఎమ్మెస్సీ పెట్టాలె, గణాంకశాస్త్రం అందులో తప్పనిసరి చెయ్యాలె. జన్నారంలో గానీ కాగజ్‌నగర్‌లో గానీ ఫీల్డు స్టేషన్ కట్టాలె. ఖాళీ అధ్యాపక పోస్టులు పర్మనెంటుగా నింపాలె. మంచిర్యాల, ఆసిఫాబాద్, పెద్దపల్లి మినరల్ ట్రస్టుల నుంచి ఏటా పది ఫెలోషిప్‌లు ఇయ్యాలె, అందులో సగం ఆదివాసీ బిడ్డలకు, గని నిర్వాసిత ఊర్ల బిడ్డలకు. పులి జాడ వేటగాళ్లకు తెలియకుండ చూసుకుంటూనే, కెమెరా లెక్కలు విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇయ్యాలె. ఎండల బీట్లు నడిచి లెక్క తెస్తున్న ఫారెస్ట్ బీట్ ఆఫీసర్లకు జీతంతో కూడిన చదువు సెలవు ఇయ్యాలె. ప్రభావ అంచనా నివేదిక మొత్తం తెలుగులో రావాలె.

విద్యార్థి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. 2011 సకల జనుల సమ్మెలో మీ అమ్మానాన్నలు బొగ్గు పెళ్ల బయటికి రాకుండ ఆపిండ్రు. దేశం మన దిక్కు తిరిగి చూసింది. బొగ్గు ఆపే బలం వాళ్లు చూపించిండ్రు, లెక్క చెప్పే బలం మీరు చూపించాలె. సర్కారు ఇచ్చేదాకా ఆగకుండి. లెక్కల పుస్తకం మళ్లీ తెరువుండి. ఆర్, క్యూజీఐఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగ దొరుకుతయి, పట్టుకోండి. సెలవుల్లో కోతుల గుంపునో, చెరువు కొంగలనో లెక్కపెట్టుడు మొదలుపెట్టుండి.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. ఆ మూడింటి పక్కన ఇప్పుడు నాలుగోది రాయాలె. అడవి మీద జ్ఞానం. అది లేకుంటే రాష్ట్రం మనదైనా అడవి మీద రాసే జీవోలు మనవి కావు.

జై తెలంగాణ!